లంకలో రోడ్డు, గట్టు మీద నీరు

రోడ్డు వల్ల ఏటిగట్టుకు చెప్పుకోదగ్గ ఇబ్బంది ఉండదని రాసి, కింద సంతకం పెట్టింది నేనే. రాసింది తప్పని నాకు తెలిసేసరికి రెండు నెలలు గడిచిపోయాయి. అప్పటికి లంకలో రోడ్డు కట్ట మనిషి ఎత్తు దాటి లేచింది. గోదావరికి ఎర్రనీరు మొదలైంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలవి. రాజమండ్రిలో వరదగట్లు చూసే ఆఫీసులో ఇంజనీరుగా చేరి నాకు నాలుగేళ్ళయింది. మావారు కొవ్వూరులో లెక్చరరు. అందుకని కాపురం ఆ ఒడ్డున, ఉద్యోగం ఈ ఒడ్డున. రోజూ బస్సులో బ్రిడ్జి దాటి వచ్చి వెళ్ళేదాన్ని.

హైవేని నాలుగు వరసలు చేస్తున్నారు. మా పరిధిలో ఒక పాయ మీద కొత్త బ్రిడ్జి మొదలైంది. బ్రిడ్జి అంటే నీరు ఎప్పుడూ పారే చోటు వరకే. అక్కణ్ణుంచి ఏటిగట్టు దాకా లంక ఉంది. ఆ లంక మీద ఎత్తుగా మట్టి కట్ట పోసి రోడ్డు వేస్తారు. మామూలు రోజుల్లో లంక అంటే అరటి, కంద, పొగాకు పండే నేల. పెద్ద వరద వచ్చిన రోజున అదీ ఏరే. అలాంటి చోట అడ్డంగా కట్ట పోస్తే పైవైపున నీరు పెరుగుతుంది. ఎంత పెరుగుతుంది, ఆ పెరిగిన నీటిని మా గట్టు ఆపగలదా, చెప్పమని రోడ్డువాళ్ళు మాకు ఉత్తరం రాశారు.

మా ఆఫీసు పెద్ద, ఎస్.ఇ. గారు ఆ ఫైలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"ఇదివరకైతే ఫార్ములాలో వేసి ఏదో ఒకటి రాసి పంపేవాళ్ళమమ్మా. మీరు ఎంటెక్‌లో కంప్యూటరు మీద నది మోడల్ చేశారట కదా. దీనికీ చేసిపెట్టండి," అన్నారు.

ఆఫీసులో అలాంటి పని నాకొక్కదానికే వచ్చు. గర్వంగానే తీసుకున్నాను.

మోడల్ అంటే పెద్ద మాయేమీ కాదు. నదిని అక్కడక్కడ అడ్డంగా కోసినట్టు అనుకుని, ఒక్కో కోత దగ్గర ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నేల ఎక్కడ ఎంత ఎత్తు, ఎంత పల్లం అన్నది కొలిచి కంప్యూటరుకి ఇస్తాం. నేల నీటిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె ఒకటి ఇస్తాం. ఇసుక మీద నీరు జారిపోతుంది, అరటితోటలో ఆగి ఆగి నడుస్తుంది. ఆ తర్వాత ఎప్పుడో వచ్చిన వరదని అందులో పారించి చూస్తాం. ఊళ్ళలో మిగిలిన నీటి గుర్తులకి, కంప్యూటరు చెప్పే మట్టాలకి సరిపోతే మోడల్‌ని నమ్మవచ్చు. సరిపోకపోతే ఆ అడ్డుకునే అంకెని సవరించాలి.

ఎండలు ముదిరే వేళకి కొలతలకి దిగాం. నాతో మా వర్క్ ఇన్‌స్పెక్టరు గారు వచ్చేవారు. రిటైరవడానికి ఏడాదిన్నర ఉందేమో. ఉద్యోగమంతా గట్ల మీదే చేశారు. తల మీద తడి తువ్వాలు కప్పుకుని నాకంటే ముందు నడిచేవారు.

లంక మధ్యలో ఒకచోట నేల ఉన్నట్టుండి దిగిపోయింది. రెల్లు పెరిగిన పొడుగాటి పల్లం. నేను లెవెల్ చూసి పుస్తకంలో రాసుకుంటూ, "మట్టి తవ్విన గొయ్యాండి?" అని అడిగాను.

"కాదండి, పాత పాయండి. మా తాతలప్పుడు పడవలు తిరిగేయట. ఇప్పుడు పెద్ద వరదకి తప్ప పారదండి," అన్నారాయన.

విన్నాను, కానీ మనసుకి పట్టలేదు. మిట్టమధ్యాహ్నం, నీళ్ళ సీసా ఖాళీ అయిపోయింది. తరవాతి కోత కిందికి చాలా దూరంలో, సరుగుడు తోటలో నుంచి పోతుంది. అక్కడ ఆ పల్లం ఉందా లేదా అన్నట్టుంది. ముందూ వెనకా దారిలేని గొయ్యి నీటిని మొయ్యదు. ఆఫీసుకి వచ్చాక కంప్యూటరులో దాన్ని పూడ్చేశాను.

వరద గుర్తుల కోసం లంకలో ఇల్లిల్లూ తిరిగాం. ఒక ఇంట్లో యాభై దాటినావిడ ఒక్కతే ఉండేది. భర్త పోయాక అరటితోట తనే చేసుకుంటోంది. మమ్మల్ని చూసి అరుగు మీద చాప వేసింది.

"ఎనభై ఆరు వరదకి నీరు ఎందాకా వచ్చిందండి?" అని అడిగాను.

గుమ్మం పక్కన గోడ మీద మేకుతో గీసిన గీత చూపించింది. నేను టేపు పెట్టి కొలుచుకున్నాక, "వెనకవైపు కూడా ఉందండి, రండి," అంటూ పెరట్లోకి తీసుకెళ్ళింది. వెనక గోడ మీదా గీత ఉంది, ముందు గీతకంటే జానెడు కిందికి.

"రెండింటిలో ఏది నిజమండి?"

"రెండూ నిజమేనండి. నీరు తీశాక బురద అంచు చూసి మా ఆయనే గీశారు."

"ఒకే ఇంటికి నీరు రెండు ఎత్తుల్లో ఎలా ఉంటుందండి?"

"అదేమోనండి. ముందిలా ఉంది, వెనకలా ఉంది. గొడ్లపాక గుంజలతో సహా పోయిందండి."

నేను నవ్వి, రెండు గీతలకీ మధ్య అంకె రాసుకున్నాను. ఏళ్ళు గడిచిన మాట, మనుషులు పొరబడుతుంటారు అనుకున్నాను.

మోడల్ మొదటిసారి నడిపినప్పుడు పైవైపు ఊళ్ళలో నీరు గుర్తులకంటే బాగా ఎత్తున వచ్చింది. నడి ఏటిలో ఇసుక నీటిని తక్కువ అడ్డుకుంటుందేమోనని ఆ అంకె తగ్గించాను. ఇంకా తగ్గించాను. చివరికి సరిపోయింది, కానీ ఆ అంకె మాత్రం ఏ పుస్తకంలోనూ ఇసుక నదికి రాయనంత చిన్నదైపోయింది. గోదావరి మామూలు నది కాదు కదా అని సర్దిచెప్పుకున్నాను. అప్పుడే ఎస్.ఇ. గారు గుమ్మంలో నిలబడి, "సోమవారం మీటింగమ్మా. ఏమంటోంది కంప్యూటరు?" అన్నారు.

"గట్టు దగ్గర నాలుగు వేళ్ళు పెరుగుతుంది సార్. అంతే."

ఉత్తరం వెళ్ళిపోయింది.

జులైలో ఒక ఉదయం బ్రిడ్జి మీద లారీ ఆగిపోయి మా బస్సు కదల్లేదు. గాలికోసం అందరం దిగాం. ఏటికి మొదటి ఎర్రనీరు వచ్చింది. నేను ఎగువవైపు పిట్టగోడ మీదుగా వంగి చూశాను. కింద బ్రిడ్జి స్తంభానికి నీరు గట్టిగా తగిలి, ముందువైపు దిబ్బలా లేచి నిలబడుతోంది. ఊరికే, తోచక, రోడ్డు దాటి దిగువవైపుకి వెళ్ళి అదే స్తంభాన్ని చూశాను. దాని వెనక నీరు గుంటపడినట్టు కిందికి ఉంది.

ముందిలా ఉంది, వెనకలా ఉంది.

నిలిచిన నీటిలో ఉన్న ఇంటికి గీత ఒకే ఎత్తులో ఉంటుంది. వేగంగా పారే నీటికి అడ్డంగా నిలబడిన ఇంటికే ముందు ఎక్కువ, వెనక తక్కువ ఉంటుంది. ఆవిడ ఇంటి మీదుగా ఎనభై ఆరులో ఏరు పరుగెత్తింది. నా మోడల్లో ఆ లంక మీద నీరు చెరువులా కదలకుండా ఉంది. నేను పాత పాయని పూడ్చేశాను. అది మోసిన నీటిని మొయ్యడానికి నడి ఏటిని లేనిపోని నున్నగా చేశాను. నీరంతా నడి ఏటిలోనే పోతుందని నమ్మిన కంప్యూటరు, లంకలో కట్ట పోస్తే పోయేదేమీ లేదని చెప్పింది. నేను నేర్పిన మాటే నాకు చెప్పింది.

మర్నాడు పొద్దున్నే ఇన్‌స్పెక్టరు గారితో లంకకి వెళ్ళాను. దారిలో చెప్పాను.

"గొయ్యి అని రాశారామ్మా? పాత పాయని చెప్పానండి నేను."

"చెప్పారండి. నేనే వినలేదు."

రెల్లు పల్లం వెంట దిగువకి నడుస్తూ పోయాం. సరుగుడు తోటలో అది పూడిపోలేదు. చెట్ల కింద వంపు తిరిగింది, అంతే. నా కోత దాన్ని ఆ వంపులో బాగా మెరకగా ఉన్న చోట దాటింది. తోట దాటాక మళ్ళీ లోతుగా, వెడల్పుగా సాగి, కొత్త రోడ్డు కట్ట దగ్గర ఆగింది. ఆ పాయకి వాళ్ళు వదిలిన దారి దూడ దూరేంత తూము. నా ఉత్తరాన్ని నమ్మే అంతే వదిలారు. కట్టకి అవతల, దిగువవైపున, ఆవిడ ఇల్లు కనిపిస్తోంది.

వారం రోజులు మళ్ళీ కొలిచి, మోడల్ మళ్ళీ కట్టాను. ఈసారి నడి ఏటి అంకె పుస్తకాల్లో ఉండాల్సినట్టే ఉండి కూడా గుర్తులన్నీ సరిపోయాయి. అందులో రోడ్డు కట్టని పెట్టి వరద పారించాను. గట్టు దగ్గర మూరెడు పెరిగింది. కట్ట గట్టుని కలిసే చోటుకి కాస్త ఎగువన ఎప్పుడో గండి పడితే పూడ్చిన ముక్క ఒకటి ఉంది. గట్టు మొత్తంలో బలహీనమైన చోటు అదే. నీరు ఎక్కువ పెరిగేదీ అక్కడే. గట్టుకి ఈవల ఊళ్ళు, వరిచేలు, రామచంద్రపురం వైపు పోయే రోడ్లు.

ఎస్.ఇ. గారి గదిలోకి వెళ్ళి, కొత్త నివేదిక చేతికిచ్చి నిలబడే చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"మొదటి కాగితం మీద నా సంతకం కూడా ఉందమ్మా."

"తెలుసు సార్. తప్పు మాత్రం నాది."

"ఇప్పుడు వాళ్ళు మనల్ని ఏమంటారో తెలుసా?"

"అంటే పడాలి సార్. వరద ఇంకా రాలేదు."

ఆయన రెండు రోజులు ఆ కాగితాన్ని సొరుగులో పెట్టుకున్నారు. మూడో రోజు పిలిచి, సంతకం పెట్టి, "తపాలాలో వద్దు. చేత్తో పట్టుకెళ్ళి ఇవ్వండి," అన్నారు.

రోడ్డు పని చూసే ఇంజనీరుది లంక గట్టున రేకుల షెడ్డులో ఆఫీసు. నలభై ఏళ్ళుంటాయి. కాగితం రెండుసార్లు చదివాడు.

"మే నెలలో నాలుగు వేళ్ళన్నారు. జులైలో మూరెడంటున్నారు. ఇంకో నెల ఆగితే ఎంతంటారండి?"

ఏం తప్పు చేశానో, గొయ్యి దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. ఇంటి గోడ మీద గీతల సంగతి చెప్పినప్పుడు మాత్రం కాగితం పక్కన పెట్టి విన్నాడు.

"కట్ట తీసెయ్యమనే అధికారం నాకు లేదు. డిజైను మార్చమని పైకి రాస్తాను. జవాబొచ్చేసరికి వరదలైపోతాయి. ఈలోపు ఏం చెయ్యమంటారు?"

"కట్టకి ఎగువన ఒక స్కేలు, దిగువన ఒక స్కేలు పాతండి. వరదలో రెండింటికీ తేడా జానెడు దాటితే నా లెక్క నిజమవుతున్నట్టు. అప్పుడు పాత పాయ దగ్గర కట్ట కొయ్యాలి."

"పోసిన కట్టని నేనే కొయ్యాలా?"

"అవునండి."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వారం తిరక్కుండా తెల్ల రంగు వేసి అంకెలు రాసిన రెండు స్కేళ్ళు లేచాయి. పాత పాయకి ఎదురుగా కట్ట మీద మట్టి తవ్వే పొక్లెయిన్ ఒకటి తెచ్చి నిలబెట్టాడు.

శ్రావణంలో వరద వచ్చింది. భద్రాచలం దగ్గర పెరుగుతోందని కబురు రాగానే నన్ను ఆ గట్టుకి వేశారు. మర్నాటికి ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. లంకలో జనాన్ని పడవల్లో గట్టు మీది బడికి చేర్చారు. గట్టు పొడుగునా కాపలా లస్కర్లు, ఇసుక బస్తాలు, సరుగుడు బాదులు. వాన లేదు. ఎండ కాస్తోంది. ఎండలో ఆ నీరు చూస్తే ఇంకా భయం వేసింది.

తేడా మొదట రెండు వేళ్ళుంది. మధ్యాహ్నానికి అర జానెడైంది. రోడ్డు ఇంజనీరు తనే పుస్తకం పట్టుకుని, పావుగంటకోసారి ఎగువ స్కేలుకీ దిగువ స్కేలుకీ నడుస్తూ రాసుకుంటున్నాడు. మూడు గంటల వేళ పుస్తకం నా ముందు పెట్టాడు. తేడా జానెడు దాటింది.

"ఫోన్ చేశానండి. పైనుంచి ఆర్డరు వచ్చేదాకా కట్టని ముట్టుకోవద్దన్నారు. సాయంత్రం మీటింగుందట."

"నీరు మీటింగు దాకా ఆగుతుందాండి?"

"నన్నడిగితే నేనేం చెప్పనండి?"

అప్పుడే ఇన్‌స్పెక్టరు గారు గట్టు కింద నుంచి ఎక్కి వచ్చారు. పరుగెత్తే వయసు కాదు, ఆయాసపడుతున్నారు. చేతిలో స్టీలు గ్లాసుంది.

"అమ్మా, పాత గండి ముక్క దగ్గర బుంగ పడిందండి. చుట్టూ బస్తాలతో రింగు కట్టిస్తున్నాను. ఇది చూడండి."

గట్టు అడుగున నీరు ఊరడం వరదల్లో మామూలే. తేటగా ఊరితే భయం లేదు. గట్టులో మట్టిని మోసుకొస్తేనే భయం. గ్లాసులో నీరు ఎర్రగా ఉంది. ఒక నిమిషం కదపకుండా పట్టుకుంటే అడుగున మట్టి పేరింది. రోడ్డు ఇంజనీరు ఆ గ్లాసు తీసుకుని నీరు పారబోసి, అడుగున మట్టిని వేళ్ళతో రాసి చూశాడు.

"మీ లెక్క ఈసారి సరైనదేనా?" అని అడిగాడు, నా వైపు చూడకుండా.

"సరైనదే అనుకుంటున్నానండి."

"అనుకుంటున్నారా?"

"నిన్నటి నుంచి స్కేళ్ళ తేడా నేను రాసినట్టే వస్తోంది. అంతకుమించి నా దగ్గర ఏమీ లేదండి."

ఖాళీ గ్లాసు ఇన్‌స్పెక్టరు గారి చేతికిచ్చాడు. తరవాత, "తీద్దాం. దిగువన మనుషులెవరూ లేరు కదా?" అన్నాడు.

ఉన్నారు. గేదెని తోలుకురావడానికి ఇంకో పడవలో లంకకి తిరిగి వెళ్ళినావిడ ఇంకా రాలేదని లస్కరు చెప్పాడు. ఎవరో అడగనక్కర్లేకపోయింది. పాత పాయ దారిలో ఉన్నది ఆ ఒక్క ఇల్లే.

ఆ పడవకోసం ఎదురుచూసిన అరగంట నా జన్మలో మరచిపోలేను. కట్టకి దిగువన నీరు నిలకడగా, పచ్చగా, అరటిచెట్ల నడుముల దాకా ఉంది. ఎగువన ఎర్రగా సుళ్ళు తిరుగుతోంది. ఇన్‌స్పెక్టరు గారు రెండుసార్లు మనిషిని పంపారు. రెండుసార్లూ ఒకటే కబురు: ఊట ఎర్రగానే ఉంది, పెరిగింది. పొక్లెయిన్ డ్రైవరు బండి ఎక్కి దిగి, ఎక్కి దిగి చేస్తున్నాడు. చివరికి అరటితోటల మధ్య నుంచి పడవ బయటికొచ్చింది. గేదెని కొమ్ముల దగ్గర పట్టుకుని ఆవిడ కూర్చుని ఉంది.

గట్టెక్కగానే నేనే వెళ్ళి చెప్పాను. ఆ పని ఎవరికీ అప్పజెప్పబుద్ధి కాలేదు.

"పాత పాయ దగ్గర రోడ్డు కట్ట కొయ్యబోతున్నామండి. నీరంతా మీ ఇంటి మీదకే వస్తుంది."

ఆవిడ ఒకసారి తన ఇంటి వైపు, ఒకసారి గట్టుకి ఇవతల ఊళ్ళ వైపు చూసింది.

"కొయ్యకపోతే గట్టు పోద్దాండి?"

"పోవచ్చండి."

"అయితే నన్నడుగుతారేంటండి," అని గేదె తాడు పట్టుకుని బడివైపు నడిచింది.

డ్రైవరు కట్ట అంచుకి పోవడానికి భయపడ్డాడు. రోడ్డు ఇంజనీరు బండి ముందు తను నడిచాడు. ఎక్కడ తవ్వాలో చేత్తో చూపిస్తూ, తవ్వినకొద్దీ వెనక్కి జరుగుతూ వచ్చాడు. పొక్లెయిన్ నాలుగైదు తొట్లు ఎత్తిందో లేదో సన్నటి ఎర్ర ధార దిగువకి దూకింది. ఆ తరవాత యంత్రంతో పని లేకపోయింది. నీరే కట్టని ముక్కలు ముక్కలుగా కొరుక్కుంటూ దారి పెంచుకుంది. వాళ్ళిద్దరూ బండితో సహా వెనక్కి వచ్చేసరికి నేను అప్పటిదాకా నిలబడిన చోటు కూడా జారిపోయింది.

ఎగువ స్కేలు దగ్గర కూర్చున్నాను. ఒక వేలు తగ్గింది. చాలాసేపటికి ఇంకో వేలు. పొద్దు వాలేలోపు ఇన్‌స్పెక్టరు గారు మళ్ళీ గ్లాసుతో వచ్చారు. ఈసారి అడుగున పేరింది ఏమీ లేదు. ఆయన ఆ నీటిని పారబోసి, గ్లాసు బోర్లించి గట్టు మీద పెట్టి, పక్కనే కూలబడ్డారు.

గట్టు నిలిచింది. నాలుగో రోజుకి నీరు తీసింది. అయిదో రోజు నేను లంకకి వెళ్ళాను. ఆవిడ ఇంటి వెనక గది కూలిపోయింది. అరటితోట ఉన్న చోట ఇసుక మేట. చెట్ల మొవ్వులు మాత్రం అక్కడక్కడ పైకి కనిపిస్తున్నాయి. ఆవిడ తడిసిన బట్టలు ఇసుక మీద ఆరేస్తోంది. నేను ఏదో ఓదార్పు మాట మొదలుపెట్టాను.

"ఒకటి అడుగుతానండి," అంది ఆవిడ. "ఆ రెండు గీతలూ మీకు వేసవిలోనే చూపించాను కదండి. అప్పుడే నమ్మితే రోడ్డుకి ముందే దారి వదిలేవారు కదా. నీరు వచ్చినా దానిమానాన అది పోయేది. ఇలా ఒక్కసారే నా నెత్తిన పడేది కాదు కదండి."

"అవునండి," అన్నాను. "నమ్మి ఉంటే ఇలా అయ్యేది కాదు."

ఆవిడ తల ఊపి మళ్ళీ బట్టలు ఆరేసుకుంది. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ నెలలోనే నాకు మెమో వచ్చింది. మొదటి నివేదికలో పొరపాటుకి కారణాలు వివరించమని. జవాబు రాసి ఎస్.ఇ. గారికి చూపించాను. గొయ్యి అని రాసిన సంగతి, ఇన్‌స్పెక్టరు గారు చెప్పినా విననిది, గోడ మీది గీతల్ని నమ్మనిది, అన్నీ రాశాను. ఆయన ఒక పంక్తి దగ్గర వేలు పెట్టారు.

"'స్థానికులు సరైన సమాచారం ఇచ్చినా నేను స్వీకరించలేదు.' ఇది అక్కర్లేదమ్మా. కొలతల్లో లోపమని రాస్తే చాలు."

"కొలతల్లో లోపం లేదు సార్. పల్లం కొలిచే రాశాను. తీసేసింది నేను."

ఆయన ఫైలు ముందుకి పంపారు. హెచ్చరికతో సరిపెట్టి, ఆ ముక్క నా సర్వీసు రిజిస్టరులో రాశారు. ఆ చలికాలంలోనే పాత పాయ మీద రోడ్డుకి మరో చిన్న బ్రిడ్జి కట్టడానికి అనుమతి వచ్చింది. ఎంత వెడల్పు ఉండాలో తేల్చే పని మళ్ళీ నాకే ఇచ్చారు.

అనుమతి లేకుండా కట్ట కోయించినందుకు రోడ్డు ఇంజనీరుని వేరే చోటికి మార్చేశారు. వెళ్ళే ముందు ఒకరోజు మా ఆఫీసుకి వచ్చి, వరదరోజు స్కేళ్ళు రాసుకున్న పుస్తకం నా బల్ల మీద పెట్టాడు. పావుగంటకోసారి, ఒక్కసారి కూడా తప్పలేదు. కట్ట కోస్తున్న వేళ కూడా ఎవరిచేతో రాయించాడు.

"ఇవి ఎక్కడా దొరకవండి. వాడుకోండి," అన్నాడు.

సంక్రాంతి దాటాక ఆ అంకెలతో మోడల్ మళ్ళీ నడిపాను. రోడ్డు కట్ట, అది తెగడం, నీరు తగ్గడం, అన్నీ వరసగా పారించాను. సాయంత్రం ఎస్.టి.డి. బూత్‌కి వెళ్ళి ఆయన కొత్త ఆఫీసుకి ఫోన్ చేశాను.

"మీ పుస్తకానికీ మోడల్‌కీ సరిపోయిందండి. కట్ట కోశాక మొదటి గంటలో మాత్రం రెండు వేళ్ళు తేడా."



"ఆ రెండు వేళ్ళు ఎందుకొచ్చాయో కూడా చూడండి," అన్నాడు.

చూస్తానన్నాను. మర్నాడు ఆదివారం. అయినా బస్సెక్కి ఆఫీసుకి వెళ్ళి కూర్చున్నాను.